దసరా మర్నాడు చచ్చిపోయే యూఎస్‌బీలు

నేను ముప్పై రెండేళ్లకే రిటైరయ్యాను. సన్మానం జరగలేదు. శాలువా కప్పలేదు. జహీరాబాద్ బస్టాండు ఎదుటి సందులో కంప్యూటర్ రిపేరు దుకాణం షట్టర్ దించి, తాళం ఇంటాయన చేతికిచ్చి, ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏమన్నా, ఇయ్యాల జల్ది బంద్ జేసినవ్?" అన్నాడు. "శాన జల్దినే జేసిన" అన్నాను. వీడ్కోలు సభ అంతటితో ముగిసింది.

ఇప్పుడు అల్లం రైతులకు, చెరకు రైతులకు డ్రిప్ పైపులు అమ్ముతున్నాను. పని పెద్దగా మారలేదు. అప్పుడు కంప్యూటర్ కన్నాలు మూసుకుపోయాయని వచ్చేవాళ్లు, ఇప్పుడు పైపు కన్నాలు మూసుకుపోయాయని వస్తున్నారు. తేడా ఒక్కటే. పైపు దగ్గర ఎవరూ వైరస్ అనరు.

కంప్యూటర్ రిపేరులోకి దిగుదామనుకునేవాళ్లు అప్పుడప్పుడు పైపుల దుకాణానికి వచ్చి, ఏం నేర్చుకోవాలని అడుగుతున్నారు. రిటైరైనవాడు కనిపిస్తే సలహా అడగడం మన మర్యాద. ఇవ్వడం నా బలహీనత. అందుకని రాస్తున్నాను. అన్నీ రాయను. పాత కంప్యూటర్లు, వాటిలోనూ యూఎస్‌బీ పోర్టులు, అంటే మౌసు, కీబోర్డు, ప్రింటర్, పెన్‌డ్రైవ్ గుచ్చే ఆ పలక కన్నాల గురించి మాత్రం రాస్తాను. నా ఉద్యోగ జీవితంలో సగం వాటి ముందు వంగి గడిచింది. మిగతా సగం, ఎందుకు వంగానో చెప్పడంలో గడిచింది.

చచ్చింది అంటే ఏమిటి

మా దగ్గర యంత్రం చెడిపోదు, చచ్చిపోతుంది. "మౌసు సచ్చింది" అంటూ వచ్చే మనిషి ముఖం కూడా చావింటి నుంచి వస్తున్నట్టే ఉంటుంది. మీరు పరామర్శకు కూర్చోకండి. చచ్చాయని నా దగ్గరికి వచ్చిన పోర్టుల్లో చాలావాటికి ప్రాణం ఉంది. కొన్ని నిద్రపోతుంటాయి. కొన్ని ఆకలితో ఉంటాయి. కొన్నిటి నోట్లో ఏదో అడ్డం పడి ఉంటుంది.

మొదట తీగ మార్చి చూడండి. తర్వాత కన్నం మార్చి చూడండి. ముందువైపు కన్నం పనిచేయకపోతే వెనక కన్నంలో పెట్టండి. వెనకవి మదర్‌బోర్డుకు నేరుగా అతికి ఉంటాయి, అవి ఇంటి మనుషులు. ముందువి సన్నటి తీగతో లోపలికి వచ్చినవి, అవి చుట్టాలు. గొడవ ముందు చుట్టాల దగ్గరే మొదలవుతుంది. అది కూడా కుదరకపోతే కంప్యూటర్ ఆపి, గోడలోంచి కరెంటు తీగ పీకి, పవర్ బటన్‌ను కాసేపు అలాగే నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. మళ్లీ పెడితే చాలాసార్లు పోర్టు ఏమీ జరగనట్టు లేస్తుంది.

ఇక గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ఒక్క పోర్టు పోతే పోర్టును అనుమానించండి. అన్నీ ఒకేరోజు పోతే పోర్టులను వదిలేయండి. ఒకే ఇంట్లో అందరూ ఒకే పూట వాంతులు చేసుకుంటే ఒక్కొక్కరి కడుపు నొక్కి చూడనక్కర్లేదు, కుండలో ఏముందో చూస్తే చాలు.

ఆకలి సంగతి చెప్పాను కదా. ఒక ఫోటో స్టూడియో ఆయన పాత కంప్యూటర్‌లో ఒకే కన్నానికి నాలుగు నోళ్ల పెట్టె తగిలించి, ఆ పెట్టెకు ఇంకో పెట్టె తగిలించాడు. వాటికి ప్రింటర్, కెమెరా, రెండు ఫోన్లు, అరచేతి ఫ్యాన్, దేవుడి పటం ముందు మెరిసే లైటు. ఏదీ సరిగా నడవడం లేదని ఫిర్యాదు.

"అన్నా, ఒక్క బర్రెకు ఇన్ని దూడలను ఇడిస్తే పాలెట్ల సరిపోతయ్?" అన్నాను.

"గయితే దేన్ని గుంజెయ్యమంటవ్?"

"ఫ్యాన్."

"ఉక్కపోస్తది."

"దేవుని లైటు."

ఆయన లెంపలు వేసుకున్నాడు. చివరికి ఫోన్లు పీకేశాడు. కంప్యూటర్ బాగైంది. నా మీద అభిప్రాయం మాత్రం బాగవలేదు.

రావు గారు

నాకు పైన ఒక్కరే ఉండేవారు. రావు గారు. తెనాలి వైపు మనిషి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి జహీరాబాద్ వచ్చి, అది మానేసి ఈ దుకాణం పెట్టారు. మా భాష ఆయనకు పూర్తిగా రాలేదు, ఆయన భాష కస్టమర్లకు పూర్తిగా అర్థం కాలేదు. మధ్యలో నేను దుబాసీని. నాకు ఉద్యోగం దొరికింది ఆ అర్హత మీదే అనుకుంటాను. ఆయన తర్వాత దుకాణం నా చేతికొచ్చింది.

ఆయన నేర్పినవాటిలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

తప్పు ముందు చెబుతాను. కస్టమర్ చేతిలో చెడిపోయిన ప్రతిదానికీ రావు గారి దగ్గర ఒకే కారణం ఉండేది: వాతావరణం. పెన్‌డ్రైవ్‌ను తిరగేసి కొట్టి మరీ దూర్చి పోర్టు నాలుక విరగ్గొట్టినా, "వాతావరణం అండీ, ఈ సంవత్సరం తేమ ఎక్కువ" అనేవారు. ఎండాకాలంలో అయితే వేడి ఎక్కువ. కస్టమర్ తేలిక పడి వెళ్లిపోయేవాడు. నెల తిరక్కుండా అదే పెన్‌డ్రైవ్‌తో, అదే బలంతో, ఇంకో పోర్టు విరగ్గొట్టుకుని వచ్చేవాడు.

"సార్, తిప్పి పెట్టమని చెప్తే అయిపోతది గద" అన్నాను ఒకసారి.

"నువ్వు చెప్పు. మనిషి మొహం మాడిపోతుంది, మళ్లీ మన గుమ్మం ఎక్కడు. వాతావరణాన్ని అంటే అది వచ్చి దెబ్బలాడదోయ్" అన్నారు.

తర్కం గట్టిదే. అందుకే చాలాకాలం నమ్మాను.

ఒప్పు ఏమిటంటే, ఆయన ఎవరినీ "ఏం చేశారు" అని అడిగేవారు కాదు. "నిన్న ఏం జరిగిందండీ?" అని అడిగేవారు. ఏం చేశారంటే మనిషి ముద్దాయి అయిపోతాడు. ఏమీ చేయలేదంటాడు. నిన్న ఏం జరిగిందంటే సాక్షి అవుతాడు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మొదలుపెడతాడు. మీకు కావాల్సింది ఆ కథ మధ్యలో ఎక్కడో, మేనమామ వచ్చి వెళ్లడానికీ వాన పడటానికీ నడుమ ఉంటుంది. ఓపికగా వినండి. స్క్రూడ్రైవర్ కన్నా చెవులే ఎక్కువ పనికొస్తాయి, పైగా తుప్పు పట్టవు.

ఈ రెండూ ఎందుకు చెప్పానో లారీలు తూచే ధర్మకాంటా దగ్గర తెలుస్తుంది.

రాయికోడ్‌లో గాలి

అంతకంటే ముందు ఒక దయ్యం కథ. రాయికోడ్‌లో ఒక జిరాక్స్ దుకాణం. యజమాని టీ తాగడానికి వెళ్లి వచ్చేసరికి ప్రింటర్ పనిచేయడం మానేసేది. ఆయన కుర్చీలో ఉంటే బంగారంలా నడిచేది. లేచి వెళ్తే ఆగేది. నేను వెళ్లేసరికి కంప్యూటర్‌కు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టి ఉన్నాయి. ప్రింటర్‌కు విడిగా ఇంకో నిమ్మకాయ.

"ఎవలదో నజర్ తాకింది తమ్మి. నేను కండ్ల ముంగట ఉన్నంత సేపు దానికి ధైర్యం" అన్నాడు.

నిన్న ఏం జరిగిందని అడిగాను. టీ తాగానన్నాడు. మొన్న? టీ. టీ ఎంతసేపు? ఆ ప్రశ్నకు దుకాణంలో ఉన్న మిగతావాళ్లు నవ్వారు.

సంగతి ఇది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కరెంటు ఆదా చేయడానికి విండోస్ ఆ పోర్టును నిద్రపుచ్చుతుంది. కొత్త యంత్రాలు పిలిస్తే లేస్తాయి. పాతవి కొన్ని లేవవు, సెలవు రోజు మధ్యాహ్నం మనుషుల్లాగే. డివైస్ మేనేజర్ తెరిచి, అందులో యూఎస్‌బీ హబ్ అని ఉన్న ప్రతిదాని దగ్గరా కరెంటు ఆదా కోసం ఆపేయవచ్చు అన్న గడిలో టిక్కు తీసేశాను. టీకి పంపి చూశాను. తీరిగ్గా తాగి వచ్చాడు. ప్రింటర్ నడిచింది.

నిమ్మకాయలు మాత్రం తీయలేదు. "ఉండనీ, గవి గూడ మెహనత్ చేసినయ్" అన్నాడు. మన పని వల్ల బాగైనా పేరు నిమ్మకాయకు వెళ్తుంది. అలవాటు పడండి.

ధర్మకాంటా

హైవే పక్కన బస్వరాజ్ పటేల్‌కు ధర్మకాంటా ఉంది. లోడుతో ఉన్న లారీలను, ట్రాక్టర్లను ఎక్కించి తూకం వేసే పెద్ద ఇనుప పలక. పలక పక్కన చిన్న గది, గదిలో ఎర్ర అంకెలు వెలిగే పెట్టె, దాని నుంచి పాత కంప్యూటర్ యూఎస్‌బీకి ఒక తీగ. అంకె తీగ వెంట కంప్యూటర్‌లోకి వస్తుంది, కంప్యూటర్ చిట్టీ అచ్చేస్తుంది. అది చేసే పని అంతే. అయినా గదిలో అందరికన్నా దానికే గౌరవం ఎక్కువ.

దసరా మర్నాడు మధ్యాహ్నం పటేల్ ఫోన్ చేశాడు.

"మల్లేశ్, అన్నీ సచ్చినయ్. మౌసు సచ్చింది, కీబోర్డు సచ్చింది, కాంటా తీగె సచ్చింది. మిషన్ లేస్తది, ఏందో రాస్తది, మల్ల పంటది. పెద్ద వైరస్ ఉన్నట్టుంది."

"ఏం రాస్తది పటేలా?"

"ఇంగ్లీషుల రాస్తది."

వెళ్లాను. పలక మీద అల్లం ట్రాక్టర్ నిలబడి ఉంది. అది ఝరాసంగం దగ్గరి నర్సింలుది. దుంపకుళ్లు తగిలి సగం మడి పోయింది. మిగిలిన సగం కుళ్లక ముందే తవ్వి తెచ్చాడు. జబ్బు తగిలిన మడి అల్లం కుప్పలో ఉంచితే వేడెక్కి, మంచిది కూడా మెత్తబడుతుంది. రోడ్డు పక్కన ఖాళీ లారీ ఉంది. అల్లం కొన్న సేటు పంపింది. తూకమైతే అల్లం లారీలోకి మారి ముంబై దారి పడుతుంది. కాకపోతే లారీ ఖాళీగా వెళ్లి బీదర్‌లో వేరే సరుకు ఎక్కించుకుంటుంది. పొద్దు గుంకే లోపల బయల్దేరాలని డ్రైవర్‌కు సేటు ఆర్డరు. మళ్లీ లారీ ఎప్పుడన్నది సేటుకే తెలియదు.

ఎర్ర అంకెలు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. ట్రాక్టర్ బరువు గదిలో అందరికీ కనిపిస్తోంది.

"అంకె కండ్ల ముంగటనే ఉన్నది గదనే. చేత్తోని రాసియ్యి పటేలా" అన్నాడు నర్సింలు.

"రాసిస్త. నీ సేటు ఒప్పుకుంటడా?"

డ్రైవర్ గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపాడు. "చేతిరాత చిట్టీ మీద పోయినేడు లొల్లి అయ్యింది. కంప్యూటర్ చిట్టీ లేంది సరుకు ఎక్కియ్యొద్దన్నడు. నేనేం జేస్తనన్నా, నాకు స్టీరింగ్ ఒక్కటే ఇచ్చిన్రు."

హైవే మీద ఇంకో కాంటా ఉంది. దాన్ని ఈ సేటు నమ్మడు. ఈ సేటును ఆ కాంటావాళ్లు నమ్మరు. ధర్మం ఒక్కటే కాబట్టి కాంటా కూడా ఒక్కటే అయింది.

కంప్యూటర్ ఆన్ చేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఏదో ఒక యూఎస్‌బీ పరికరం హద్దు మీరి కరెంటు లాగుతోంది, బోర్డు కాలిపోకుండా కాసేపట్లో ఆగిపోతాను అని దాని అర్థం. చెప్పినట్టే ఆగిపోయింది. పొద్దున్నుంచి అది ఇదే మాట మర్యాదగా చెబుతోంది. వైరస్ అని అందరూ దాన్ని తిడుతున్నారు. తెర మీద రాసింది చదవడం ఈ వృత్తిలో సగం చదువు. తక్కిన సగం, చదివాక గొప్పగా ముఖం పెట్టకపోవడం.

పెట్టిన తీగలన్నీ పీకి మళ్లీ ఆన్ చేశాను. అదే మాట. అంటే మౌసు కాదు, కీబోర్డు కాదు, కాంటా తీగ కాదు. కన్నాల్లోనే ఎక్కడో రెండు పిన్నులు కలిసిపోయాయి.

"నిన్న ఏమైంది పటేలా?" అన్నాను.

"నిన్న ఏమున్నది, దసరా. పూజ జేసినం."

అప్పుడు సరిగ్గా చూశాను. కంప్యూటర్ డబ్బా పసుపు పూసిన చెక్క పీట మీద ఉంది. పైన బంతిపూల దండ. పక్కన ఇత్తడి కుందిలో దీపం ఇంకా వెలుగుతోంది. డబ్బా ముందువైపు, మనిషి అయితే మూతి ఉండాల్సిన చోట, అరచేతి వెడల్పున పసుపు, దాని మధ్యలో పెద్ద కుంకుమ బొట్టు. ముందువైపు ఉండాల్సిన రెండు యూఎస్‌బీ కన్నాలు కనిపించలేదు. బొట్టు కిందే ఉన్నాయి.

ఆయుధ పూజ మా దగ్గర అందరూ చేస్తారు. నాగలికి, ట్రాక్టర్‌కు, కుట్టుమిషన్‌కు, జిరాక్స్‌కు. నాగలికి చేస్తే ఏమీ కాదు. నాగలికి యూఎస్‌బీ లేదు.

"కొబ్బరికాయ యాడ కొట్టిన్రు?"

"గీ పీట అంచుకే" అని వెనక నుంచి జవాబు వచ్చింది. పటేల్ వాళ్ల అమ్మ. ఊళ్లో అందరికీ అవ్వ. గదిలో మూలన కుర్చీలో కూర్చుని ఉంది. "ఒక్క దెబ్బకే పలిగింది. నీళ్లు మిషన్ మీదికే చిమ్మినయ్. శుభమన్న."

నాకు రోగం తెలిసింది. మందు కూడా తెలుసు. డబ్బా మూత విప్పి, ముందు కన్నాల నుంచి బోర్డుకు వెళ్లే చిన్న తీగ పీకేస్తే చాలు. చుట్టాలు బయటికి, ఇల్లు చల్లగా. స్క్రూడ్రైవర్ తీశాను.

"ఆగు బిడ్డా" అంది అవ్వ. "పూజ పెట్టిన మిషన్ను దీపం కొండెక్కేదాక పీట మీదికెల్లి కదిలియ్యొద్దు, విప్పొద్దు. నడుపుకోండ్రి, వద్దనలే. విప్పుడు మాత్రం వద్దు."

అందరం దీపం వైపు చూశాం. కుంది అంచుదాకా నూనె ఉంది.

"పొద్దుగాలనే నిండ వోసిన" అంది అవ్వ.

డ్రైవర్ బయట సూర్యుణ్ణి చూశాడు. గదిలో దీపాన్ని చూశాడు. ఏది ముందు కొండెక్కుతుందో లెక్క వేస్తున్నాడు. పటేల్ నెమ్మదిగా దీపం దగ్గరికి వెళ్లి, ఒత్తి సర్దుతున్నట్టు వంగాడు. ఊదేసేంత దగ్గరగా.

అతన్ని ఆపింది అవ్వ కాదు, నర్సింలు. "వద్దు పటేలా. దీపం ఆర్పి నా అల్లం ఎక్కిస్తే మిగిలిన మడి గూడ నాకు దక్కది. ఇగ ఎట్లయితే గట్లాయె." అని బయటికి వెళ్లి ట్రాక్టర్ టైరుకు ఆనుకుని నిలబడ్డాడు. ట్రాలీలోంచి ఒక దుంప తీసి, వేలితో నొక్కి చూసి, మళ్లీ పెట్టాడు. గట్టిగానే ఉందని అనుకున్నాను. ఇంకొకటి తీశాడు.

నేను పీట ముందు కూర్చున్నాను. విప్పకుండా బయటి నుంచే శుభ్రం చేయవచ్చు. కన్నంలో దూరిన పసుపు తీసి, తడి తుడిస్తే సరిపోవచ్చు.

"అవ్వా, విప్పను. కదిలియ్య. జర బొట్టు తుడుస్త" అన్నాను.

గది చల్లబడింది.

"బొట్టు తుడుస్తవా?" అంది అవ్వ. "పండుగ మర్నాడు, లచ్చిమి లెక్క కూసున్నదాని బొట్టు తుడుస్తవా? నీ నోటికి అడ్డూ అదుపూ ఉన్నదా?"

పటేల్ నన్ను చూసిన చూపులో జాలి ఉంది. రావు గారు నేర్పిన వాతావరణం ఇక్కడ దేనికీ పనికిరాదు. నిజానికి తగాదా తుడవడంతో కాదు, ఖాళీగా వదలడంతో.

"అవ్వా, మనిషికి బొట్టు యాడ పెడ్తరు?"

"నొసటికి."

"నువ్వు దీనికి నోట్లె పెట్టినవ్. గీ రెండు కన్నాలు దాని నోరు. పొద్దుగాల సంది మింగలేక కక్కలేక ఉన్నది."

అవ్వ లేచి వచ్చింది. వంగి చూసింది. "నొసలేది దీనికి?"

డబ్బా పైఅంచున, ఏ కన్నమూ లేని సాపు రేకు చూపించాను. అవ్వ కుంకుమ భరిణె తెప్పించింది. కొత్త బొట్టు పైన తన చేత్తోనే పెట్టింది, కింద అంతకుముందు పెట్టినదానికన్నా పెద్దది. పెట్టి, వెనక్కి జరిగి, "ఇగ కిందిది తియ్యి. పైన ఉన్నది గద, బోసిగ లేదు" అంది.

కరెంటు తీగ పీకేశాను. ముందు పొడిగుడ్డ. తర్వాత కన్నం లోపలికి. ఇనుప వస్తువు పెట్టకూడదు, పుల్లే పెట్టాలి. ఆరిపోయిన అగరుబత్తి పుల్ల అక్కడే ఉంది. ఒక కన్నంలోంచి ముద్దకట్టిన పసుపు వచ్చింది. రెండోదాంట్లోంచి కొబ్బరినీళ్లకు నాని ఉబ్బిన అక్షింత గింజ వచ్చింది. అది పిన్నును వంచి, పక్కనున్న రేకుకు ఆనించింది. బోర్డు భయపడిందంటే పడదా మరి. పుల్లతోనే పిన్నును దాని చోటికి జరిపాను. నోటితో ఊదలేదు. మీరూ ఊదకండి, ఊదితే తుంపర లోపలికి పోతుంది. నర్సింలును పిలిస్తే తన తువ్వాలతో విసిరాడు. ఆ విసరడం చూస్తే ట్రాలీ కూడా ఎగిరిపోయేలా ఉంది.

"జర మెల్లగ కాకా, దీపం ఆరుతది" అన్నాను. దీపాన్ని కాపాడిన కంప్యూటర్ ఇంజనీరు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బాగా ఆరనిచ్చి ఆన్ చేశాను. నల్ల తెర వచ్చింది. అక్షరాలు రాలేదు. మౌసును వెనక కన్నంలో పెడితే దాని కింద ఎర్ర లైటు వెలిగింది. కాంటా తీగ గుచ్చాను. పెట్టె మీది అంకె తెర మీదికి వచ్చి కూర్చుంది, ఎప్పుడూ ఇక్కడే ఉన్నట్టు. ప్రింటర్ కర్రుకర్రుమని చిట్టీ కక్కింది.

నర్సింలు చిట్టీ తీసుకుని అంకె చూశాడు. పొద్దున్నుంచి ఎర్రగా వెలుగుతున్న అంకే. అయినా మొదటిసారి చూసినట్టు చూశాడు. హమాలీలు అల్లం లారీలోకి ఎత్తారు. ఖాళీ ట్రాక్టర్ మళ్లీ పలకెక్కి దిగింది. లారీ కదిలేసరికి చెరకు తోటల వెనక పొద్దు ఇంకా కొంచెం మిగిలి ఉంది. దీపంలో నూనె చాలా మిగిలి ఉంది.

అవ్వ అడిగిన ప్రశ్న

సామాన్లు సర్దుకుంటుంటే అవ్వ పిలిచింది.

"ఒక్కటి చెప్పు మల్లేశా. గిదంత నా పూజతోనే అయ్యిందా?"

పటేల్ గోడ వైపు తిరిగాడు. నర్సింలు చిట్టీని మరోసారి చదవడం మొదలుపెట్టాడు. అందులో చదవడానికి ఏమీ లేదు. రావు గారి మాట నా నోటిదాకా వచ్చింది. ఈ యేడు తేమ ఎక్కువ అవ్వా అంటే సరిపోయేది. అందరం ఇళ్లకు వెళ్లేవాళ్లం. వచ్చే దసరాకు కొబ్బరికాయ మళ్లీ అదే పీటకు పగిలేది. పలక మీద ఆ రోజు ఇంకెవరో నిలబడేవాళ్లు.

"అవునవ్వా. పసుపు, అక్షింతలు, కొబ్బరినీళ్లు కన్నాల్లకు పోయినయ్" అన్నాను.

ఆమె ముఖం మాడలేదు. గుమ్మం ఎక్కొద్దనలేదు. వంగి డబ్బా ముందువైపు వేలితో తడిమింది.

"మరి గన్ని తొర్రలు ముంగట్నే ఎందుకు పెట్టిన్రు? చేసినోనికి దసరా తెల్వదా?"

సంచిలోంచి టేపు తీశాను. రెండు కన్నాల మీదా అంటించాను.

రిటైరయ్యాక కూడా ఆ ఒక్క పని మిగిలింది. దసరా ముందురోజు అవ్వ ఫోన్ చేస్తుంది. "వచ్చి దాని నోరు మూసిపో" అంటుంది. వెళ్లి కన్నాల మీద టేపు అంటిస్తాను. ఆమె నొసట బొట్టు పెడుతుంది. కొబ్బరికాయ ఇప్పుడు బయట, ఇనుప పలక అంచుకు కొడుతోంది. దాన్ని లారీలే ఏమీ చేయలేకపోయాయి.

మొన్న నర్సింలు మా దుకాణంలో డ్రిప్ సామాను కొన్నాడు. దుంపకుళ్లు రాని కొత్త మడిలో ఈసారి అల్లం పెట్టాడు. బిగించడానికి నేనే వెళ్లాను. పైపులకు నీళ్లు వదిలే ముందు ఆయన ఇంట్లోంచి పసుపు, కుంకుమ తెచ్చాడు. ఫిల్టర్ చుట్టూ ఒకసారి తిరిగి, తట్టి చూసి, నన్ను అడిగాడు.

"దీని నొసలు యాడున్నది?"

చూపించాను. అక్కడే పెట్టాడు.